పొట్ట మీద వేసే ‘రక్తం పలుచన’ సూది: ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి వృథా

సంక్షిప్తంగా

హెపారిన్, దాని చిన్న రూపమైన ఎనాక్సపారిన్ రక్తాన్ని నీళ్లలా పలుచన చేసే మందులు కావు. కొత్త గడ్డ ఏర్పడకుండా, ఉన్న గడ్డ పెరగకుండా ఆపే మందులు. గడ్డ ముప్పు నిజంగా ఉన్నవాళ్లకు ఇవి ప్రాణం నిలుపుతాయి. ఆ ముప్పు తక్కువగా ఉన్నవాళ్లకు ఇస్తే లాభం కనిపించకపోగా రక్తస్రావం పెరిగిన సందర్భాలు ట్రయల్స్‌లో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం ముఖ్యంగా తెలియాల్సింది గర్భిణులకు, కిడ్నీ రోగులకు.

2021 సెకండ్ వేవ్ దాకా ఈ సూది పేరు గుండె ఆపరేషన్ అయినవాళ్లకో, డయాలసిస్ చేయించుకునేవాళ్లకో తప్ప పెద్దగా తెలియదు. ఆ రెండు మూడు నెలల్లో మాత్రం డీ-డైమర్ (రక్తంలో గడ్డల ఆనవాలు చూపే పరీక్ష) రిపోర్టు పట్టుకుని ఎనాక్సపారిన్ కోసం మందుల షాపుల చుట్టూ తిరగని ఊరు లేదు. కోవిడ్ తగ్గింది కానీ సూది ఇళ్లలోనే ఉండిపోయింది, ఇప్పుడు ఎక్కువగా గర్భిణుల కోసం. రోజుకొకటి చొప్పున నెలల తరబడి పొట్ట మీద పొడిపించుకుంటున్న ఆడవాళ్లు దాదాపు ప్రతి బంధువర్గంలోనూ ఉన్నారు. ఎందుకని అడిగితే చాలామంది దగ్గర ఒకటే జవాబు: “రక్తం చిక్కగా ఉందట.”

పేరులోనే తికమక

చిక్కటి మజ్జిగలో నీళ్లు పోస్తే పలుచబడినట్టు రక్తం కూడా పలుచబడుతుందని అనుకోవడం సహజమే. కానీ హెపారిన్ ఎక్కించిన రక్తం చిక్కదనంలో ఏ మార్పూ ఉండదు. మారేది ఒక్కటే, గడ్డకట్టే గుణం నెమ్మదిస్తుంది.

ఈ మాట తేడా చిన్నదిగా అనిపిస్తుంది కానీ దీనివల్ల జరిగే పొరపాట్లు చిన్నవి కావు. గర్భిణికి హిమోగ్లోబిన్ 8 ఉంటే ఊళ్లో “రక్తం పలుచగా ఉంది” అంటారు. అదే మనిషికి ఇంకో డాక్టర్ రక్తం పలుచబడే సూది రాస్తే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, ఇప్పటికే పలుచగా ఉంటే ఇంకా పలుచన చేయడమేంటని కొందరు చెప్పకుండా సూది ఆపేస్తారు కూడా. నిజానికి ఈ రెండూ వేరువేరు సంగతులు. హిమోగ్లోబిన్ అంటే ఆక్సిజన్ మోసే సరుకు ఎంత ఉందన్న లెక్క, దానికి ఐరన్ కావాలి. గడ్డకట్టడం రక్తంలోని ప్రోటీన్ల పని, దాన్ని అదుపు చేసేది హెపారిన్. ఒకే మనిషికి రెండు మందులూ అవసరం కావచ్చు.

ఇంకో పొరపాటు, ఈ సూది గడ్డను కరిగిస్తుందనుకోవడం. కరిగించే మందులు వేరే ఉన్నాయి. గుండెపోటు వచ్చినప్పుడు గంటల వ్యవధిలో ఇచ్చే స్ట్రెప్టోకైనేజ్, టెనెక్టిప్లేజ్ ఆ కోవలోవి. హెపారిన్ చేసేది గడ్డ ఇంకా పెరగకుండా కంచె వేయడం. ఆ కంచె ఉన్నన్నాళ్లూ శరీరంలో సహజంగా ఉండే ప్లాస్మిన్ అనే ఎంజైమ్ పాత గడ్డను కొంచెం కొంచెంగా అరగదీస్తుంది. కాలిలో గడ్డ పట్టినవాళ్లకు వాపు తగ్గిపోయాక కూడా కనీసం మూడు నెలలు మందు వాడమనేది ఇందుకే.

లోపల జరిగేది

గడ్డకట్టడం గొలుసు పని. ఒక ప్రోటీన్ ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని. చివర్లో త్రాంబిన్ అనే ఎంజైమ్ తయారై ఫైబ్రిన్ అనే దారాలను అల్లుతుంది, ఆ వలలో రక్తకణాలు చిక్కుకుని గడ్డ అవుతుంది. ఈ గొలుసు హద్దు మీరకుండా రక్తంలోనే ఒక కాపలాదారు ఉంటాడు, పేరు యాంటీథ్రాంబిన్. మామూలుగా దాని పని నిదానం. హెపారిన్ వెళ్లి దానికి అతుక్కుంటే ఆ వేగం దాదాపు 1,000 రెట్లు పెరుగుతుంది. అంటే హెపారిన్ సొంతంగా దేన్నీ ఆపదు, మన శరీరంలో ఉన్నదానికే బలం ఇస్తుంది. పుట్టుకతోనే యాంటీథ్రాంబిన్ తక్కువగా ఉన్న కొద్దిమందిలో హెపారిన్ సరిగా పనిచేయకపోవడానికి కారణం ఇదే.

హెపారిన్ పొడవాటి చక్కెర గొలుసు. యాంటీథ్రాంబిన్‌కు అతుక్కునే చోటు అందులో ఐదు చక్కెర ముక్కలంత మాత్రమే. ఆ ఐదు ముక్కలతోనే, గడ్డకట్టే పనిలో త్రాంబిన్ కంటే ముందుండే ఫ్యాక్టర్ టెన్-ఏ అనే మెట్టును ఆపవచ్చు. కానీ త్రాంబిన్‌ను ఆపాలంటే గొలుసు కనీసం 18 ముక్కల పొడవుండాలి, ఎందుకంటే అటు యాంటీథ్రాంబిన్‌నూ ఇటు త్రాంబిన్‌నూ ఒకేసారి పట్టుకోవాలి. రకరకాల హెపారిన్‌ల మధ్య తేడా అంతా ఈ పొడవులోనే ఉంది.

మాత్రగా ఎందుకు ఇవ్వరని చాలామంది అడుగుతారు. ఈ గొలుసు పెద్దది, పైగా రుణావేశం విపరీతంగా ఉంటుంది. పేగు గోడ దాన్ని లోపలికి రానివ్వదు. అందుకే సూది తప్పదు.

కుక్క కాలేయం నుంచి పంది పేగు దాకా

1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి, గురువు విలియం హోవెల్ దగ్గర పనిచేస్తూ రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాల కోసం వెతుకుతుంటే, కుక్క కాలేయం నుంచి తీసిన సారం ఒకటి అందుకు పూర్తి విరుద్ధంగా గడ్డకట్టకుండా చేసింది. గ్రీకులో కాలేయాన్ని హెపార్ అంటారు కాబట్టి 1918లో హెపారిన్ అన్న పేరు పడింది. మనుషులకు ఇవ్వగలిగేంత శుద్ధి చేయడానికి ఇంకో పదిహేనేళ్లు పైనే పట్టింది. ఇన్సులిన్ పరిశోధనలో భాగస్వామి అయిన చార్లెస్ బెస్ట్ బృందం టొరంటోలో ఆ పని చేసింది. 1930ల మధ్యలో టొరంటో, స్టాక్‌హోమ్ నగరాల్లో రోగులకు వాడటం మొదలైంది.

ఇప్పుడు ప్రపంచంలో వాడే హెపారిన్‌లో అత్యధిక భాగం పంది పేగుల లోపలి పొర నుంచి వస్తుంది, ముడిసరుకులో పెద్ద వాటా చైనాది. మతం రీత్యా అభ్యంతరం ఉన్నవాళ్లు ఈ సంగతి తెలుసుకుని డాక్టర్‌తో ముందే మాట్లాడటం మంచిది. ఆ ఐదు చక్కెర ముక్కలనే ల్యాబ్‌లో కట్టి తయారుచేసిన ఫాండాపరినక్స్ అనే పూర్తి సింథటిక్ మందు 2001 నుంచి ఉంది. అన్ని సందర్భాల్లో దానికి మార్చడం కుదరదు, కొన్నిట్లో కుదురుతుంది.

ఈ సరుకుతో తెలుగు నేలకు పాత సంబంధమే ఉంది. 1978లో హైదరాబాద్‌లో మొదలైన గ్లాండ్ ఫార్మా పేరు తెచ్చుకున్న మందుల్లో హెపారిన్ ముఖ్యమైనది. తయారీ ఇక్కడ జరిగినా ముడిసరుకు బయటి నుంచి వస్తే ధర మన చేతుల్లో ఉండదు. 2020లో హెపారిన్ గరిష్ఠ ధరను 50 శాతం పెంచుకోవడానికి మందుల ధరలను నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ అనుమతించింది, ముడిసరుకు ఖర్చు పెరగడమే కారణం.

ధర కంటే పెద్ద గండం 2008లో వచ్చింది. అమెరికాలో డయాలసిస్ రోగులకు హెపారిన్ ఎక్కించగానే బీపీ పడిపోవడం, ఊపిరాడకపోవడం వరసగా జరిగాయి, మరణాలు కూడా నమోదయ్యాయి. వెతికితే చైనా నుంచి వచ్చిన ముడిసరుకులో అతిగా సల్ఫేట్ ఎక్కించిన కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే వేరే పదార్థం కలిసి ఉంది. మామూలు పరీక్షల్లో అది హెపారిన్ లాగే కనిపించింది, అంతవరకు ఎవరికీ అనుమానం రాలేదు. ఆ కల్తీని గుర్తించిన బృందంలో ఎంఐటీలో పనిచేసే భారతీయ మూలాల శాస్త్రవేత్త రామ్ శశిశేఖరన్ ఒకరు. ఆ తర్వాతే హెపారిన్‌కు అణువుల నిర్మాణాన్ని చూపే ఎన్‌ఎంఆర్ లాంటి లోతైన పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. జంతువు నుంచి తీసే మందు కాబట్టి నమ్మకమైన తయారీ ఎంత అవసరమో ఆ ఘటన తర్వాత అందరికీ అర్థమైంది.

డ్రిప్‌లో ఎక్కించేదీ, ఇంట్లో పొడుచుకునేదీ

ఆసుపత్రిలో డ్రిప్‌లో ఇచ్చేది పాత హెపారిన్, పొడవాటి గొలుసుల మిశ్రమం. నరంలోకి వెళ్లిన నిమిషాల్లో పనిచేస్తుంది, ఆపితే గంట, గంటన్నరకల్లా సగానికి తగ్గిపోతుంది. ఒకే మోతాదు ఇద్దరిలో ఒకేలా పనిచేయదు కాబట్టి రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో కొలిచే ఏపీటీటీ పరీక్ష మాటిమాటికీ చేస్తూ సరిచేయాలి. రక్తస్రావం మొదలైతే ప్రోటమిన్ అనే విరుగుడు ఉంది, సాల్మన్ చేప నుంచి తీసిన ప్రోటీన్. సుమారు 100 యూనిట్ల హెపారిన్‌కు ఒక మిల్లీగ్రాము లెక్క.

ఎనాక్సపారిన్ ఆ గొలుసులనే తుంచి చేసిన మందు. పాత హెపారిన్ సగటు అణుభారం 15,000 దాకా ఉంటే దీనిది 4,500. చర్మం కింద నుంచి రక్తంలోకి నికరంగా చేరుతుంది, రోజుకు ఒకటి రెండు సార్లు చాలు, మామూలుగా రక్తపరీక్షలతో వెంటపడక్కర్లేదు. ముందు జాగ్రత్తకైతే సాధారణంగా రోజుకు 40 మి.గ్రా., గడ్డ పట్టాక చికిత్సకైతే కిలో బరువుకు 1 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు. ఈ రెండు మోతాదుల మధ్య తేడా చాలా ఎక్కువ, పక్కింటావిడకు రాసిన లెక్క మనకు వర్తించదు. ప్రోటమిన్ దీన్ని పూర్తిగా విరవలేదు, కొంతవరకే.

ఇక్కడ కిడ్నీ సంగతి వస్తుంది. ఎనాక్సపారిన్ బయటికి పోయేది ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే. అవి దెబ్బతింటే మందు ఒంట్లో పేరుకుంటుంది, రక్తస్రావం దాకా తీసుకెళ్తుంది. కిడ్నీల వడపోత వేగాన్ని చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 30 మి.లీ. కంటే తగ్గితే మోతాదు తగ్గించాలి, లేదా పాత హెపారిన్‌కు మారాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల, ఏ లక్షణమూ లేకుండానే కిడ్నీ జబ్బు ముదిరిన మనుషులు ఎంతోమంది ఉన్న ప్రాంతంలో, సూది మొదలుపెట్టే ముందు ఒక్క క్రియాటినిన్ పరీక్ష చేయించడం చిన్న పని, దాన్ని వదిలేయకూడదు. డయాలసిస్ యంత్రం గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా వాడేది కూడా హెపారినే.

 

గర్భిణులకు: అసలు చిక్కు ఇక్కడే

గర్భం దాల్చాక స్త్రీ రక్తం గడ్డకట్టే వైపు మొగ్గుతుంది. ప్రసవంలో రక్తం ఎక్కువగా పోకుండా శరీరం ముందే చేసుకునే ఏర్పాటు ఇది. దాంతో గడ్డ పట్టే ముప్పు నాలుగైదు రెట్లు పెరుగుతుంది, కాన్పు అయిన మొదటి కొన్ని వారాల్లో ఇంకా ఎక్కువ. నిజంగా మందు అవసరమైనవాళ్లకు హెపారిన్ కుటుంబమే మొదటి ఎంపిక, ఎందుకంటే అది మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డను చేరదు. గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్, అసెనోకుమరాల్ లాంటి మాత్రలు దాటుతాయి, ముఖ్యంగా ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య పిండానికి హాని చేయగలవు. చిన్నప్పటి రుమాటిక్ జబ్బుతో గుండెలో లోహపు కవాటం వేయించుకున్న అమ్మాయిలు గర్భం దాలిస్తే, ఏ నెలలో ఏ మందన్న లెక్క చాలా సున్నితమైనది. గర్భం నిర్ధారణ అయిన వారంలోనే గుండె డాక్టర్, గైనకాలజిస్టు ఇద్దరూ కలిసి తేల్చాల్సిన విషయం అది.

ఇంతకుముందు కాలిలోనో ఊపిరితిత్తిలోనో గడ్డ పట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు, కవాటం ఉన్నవాళ్లకు సూది ఎందుకో స్పష్టమే. వాదన అంతా పదేపదే గర్భస్రావం అయినవాళ్ల గురించి.

వాళ్లలో ఒక చిన్న వర్గానికి యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే, గడ్డలు పట్టే ముప్పు పెంచే జబ్బు ఉంటుంది. రక్తంలో కొన్ని యాంటీబాడీలు కనిపించడం, అదీ 12 వారాల ఎడంతో చేసిన రెండు పరీక్షల్లోనూ కనిపించడం దీని గుర్తు. 1997లో బ్రిటన్‌లో 90 మంది మీద జరిగిన ట్రయల్‌లో ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 42 శాతం మందికి బిడ్డ దక్కితే, ఆస్పిరిన్‌తో పాటు హెపారిన్ వాడినవాళ్లలో 71 శాతం మందికి దక్కింది. తర్వాత వచ్చిన ట్రయల్స్ అన్నీ ఇంత తేడా చూపలేదు. అయినా ఈ వర్గానికి ఆ జోడీనే ఇప్పటికీ సిఫారసు చేస్తున్నారు.

ఆ విజయం చూశాక, యాంటీబాడీలు లేకపోయినా ఇస్తే పోయేదేముందన్న ఆలోచన మొదలైంది. 2010లో నెదర్లాండ్స్‌లో కారణం తెలియని గర్భస్రావాలు అయినవాళ్లకు ఆస్పిరిన్, హెపారిన్ సూది ఇచ్చి చూస్తే బిడ్డ దక్కే అవకాశం పెరగలేదు. పుట్టుకతో గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉన్నవాళ్లకైనా పనిచేస్తుందేమోనని ఇంకో ట్రయల్ చేశారు, 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది, పేరు ఎలైఫ్-2. అందులో 326 మంది స్త్రీలు. సూది వేసుకున్నవాళ్లలో దాదాపు 72 శాతం, వేసుకోనివాళ్లలో 71 శాతం మందికి బిడ్డ పుట్టింది. తేడా లేనట్టే.

ఈ 71 అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. రెండు మూడుసార్లు గర్భం నిలవని స్త్రీకి ఏ సూదీ లేకుండా తర్వాతి గర్భం నిలిచే అవకాశం పదికి ఏడు. సూది వేసుకుని బిడ్డ పుడితే ఆ ఇంట్లో అది సూది మహిమే అవుతుంది, బంధువుల్లో ఇంకొకరికి చెబుతారు, డాక్టర్ రాయకపోతే అడిగి మరీ రాయించుకుంటారు. ఆ తల్లి పడ్డ బాధనూ ఆశనూ తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ సూది లేకపోయినా ఆ బిడ్డ పుట్టేవాడే అన్న అవకాశం ఎక్కువని చెప్పకపోవడం ఆమెకు అన్యాయమే. మొదటి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాల్లో సుమారు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం, గడ్డకట్టడంతో దానికి సంబంధం లేదు.

ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందేమో చూసే పరీక్ష కూడా ఇలాంటిదే. పాజిటివ్ వచ్చిందని భయపడి సూదులు మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. ఆ మార్పు జనాభాలో చాలామందిలో మామూలుగానే ఉంటుంది. పదేపదే గర్భస్రావం అయినవాళ్లకు ఈ పరీక్ష చేయించవద్దని అమెరికన్ జెనెటిక్స్ వైద్యుల కాలేజీ 2013లోనే చెప్పింది.

కోవిడ్‌లో తేలిన సంగతి

కోవిడ్ రోగుల ఊపిరితిత్తుల్లో గడ్డలు పడుతున్నాయని తెలియగానే ప్రపంచమంతా హెపారిన్ మోతాదు పెంచింది. 2021 ఆగస్టులో మూడు ట్రయల్ వేదికలు కలిపి ఇచ్చిన ఫలితాలు వచ్చాయి. వార్డులో ఉన్న, పరిస్థితి మరీ విషమించని 2,219 మందిలో పూర్తి చికిత్స మోతాదు కొంత మేలు చేసింది. వెంటిలేటర్ లాంటి సాయం లేకుండా ఇంటికి వెళ్లినవాళ్లు 76.4 శాతం నుంచి 80.2 శాతానికి పెరిగారు. ఐసీయూలో విషమించిన 1,098 మందిలో మాత్రం లాభం లేదు, పెద్ద రక్తస్రావాలు మామూలు మోతాదుతో 2.3 శాతమైతే పూర్తి మోతాదుతో 3.8 శాతం. జబ్బు ముదిరాక అక్కడ గడ్డ ఒక్కటే సమస్య కాదు, ఊపిరితిత్తి మొత్తం వాపుతో దెబ్బతింది. అంటే మందు అదే, జబ్బు అదే, సమయం మారితే ఫలితం మారింది.

ఇలాంటిదే 2015లో బ్రిడ్జ్ ట్రయల్. గుండె లయ తప్పే జబ్బుకు వార్ఫరిన్ వాడేవాళ్లు ఆపరేషన్ కోసం మాత్ర ఆపినప్పుడు మధ్యలో సూది వేయడం ఆనవాయితీ. 1,884 మందిని గమనిస్తే సూది వేయనివాళ్లలో గడ్డలు 0.4 శాతం, వేసినవాళ్లలో 0.3 శాతం, దాదాపు సమానం. పెద్ద రక్తస్రావం మాత్రం 1.3కు బదులు 3.2 శాతం. లోహపు కవాటం ఉన్నవాళ్ల లెక్క వేరు, ఈ ఫలితం వాళ్లకు వర్తించదు.

గడ్డ ఆపే మందే గడ్డ తెచ్చినప్పుడు

హెపారిన్‌కు ఒక వింత దుష్ఫలితం ఉంది, దాన్ని హిట్ అంటారు. ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే పీఎఫ్-4 అనే ప్రోటీన్‌కు హెపారిన్ అతుక్కుంటే, కొందరి శరీరం ఆ జోడీ మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. ఫలితంగా ప్లేట్‌లెట్ల సంఖ్య సగానికి పైగా పడిపోతుంది, అదే సమయంలో కొత్త గడ్డలు పడతాయి. సాధారణంగా ఐదు నుంచి పది రోజుల మధ్య బయటపడుతుంది. పాత హెపారిన్‌తో ఎక్కువ, ఎనాక్సపారిన్‌తో తక్కువ. డెంగీ అలవాటైన మన దగ్గర ప్లేట్‌లెట్లు పడగానే ఎక్కించాలన్న తొందర ఉంటుంది. హిట్‌లో మొదట చేయాల్సింది హెపారిన్ ఏ రూపంలో ఉన్నా ఆపి, వేరే రకం మందుకు మారడం. ఆర్గాట్రోబాన్, జలగ లాలాజలంలోని హిరుడిన్ నమూనాగా చేసిన బైవాలిరుడిన్ అలాంటివి.

2021లో ఆస్ట్రాజెనెకా వ్యాక్సిన్, మన దగ్గర కోవిషీల్డ్, తర్వాత చాలా అరుదుగా కనిపించిన గడ్డల జబ్బులోనూ ఇదే పీఎఫ్-4 మీద యాంటీబాడీలు దొరికాయి, హెపారిన్ అసలు వాడకుండానే. ఆ జబ్బును అంత త్వరగా పోల్చుకోగలిగారంటే హిట్ మీద అప్పటికే దశాబ్దాల పరిశోధన ఉండబట్టే.

ఇంట్లో వేసుకునేవాళ్లకు

సూది వెళ్లాల్సింది చర్మం కింది కొవ్వులోకి, కండలోకి కాదు. బొడ్డుకు రెండంగుళాల దూరంలో, ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. చర్మాన్ని మడతగా పట్టుకుని నిలువుగా దించాలి, తీశాక రుద్దకూడదు, రుద్దితే కమిలిన మచ్చ పెద్దదవుతుంది. ముందే నింపి వచ్చే సిరంజిలోని గాలి బుడగను, మొత్తం మందు వేసుకునేటప్పుడు, బయటికి నెట్టనక్కర్లేదు. ఫ్రీజర్‌లో పెట్టకూడదు, మే నెల ఎండల్లో కారులో వదిలేయకూడదు. చిన్న నీలం మచ్చలు మామూలే. నల్లటి విరేచనం, ఆగని ముక్కు రక్తం, తలకు దెబ్బ, హఠాత్తుగా విపరీతమైన తలనొప్పి మాత్రం మామూలు కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కాన్పు దగ్గరపడ్డాక ఇంకో సంగతి ఉంది. వెన్నులో ఇచ్చే మత్తుకు ముందు చివరి సూది పడి, ముందు జాగ్రత్త మోతాదైతే కనీసం 12 గంటలు, చికిత్స మోతాదైతే 24 గంటలు అయి ఉండాలి. లేకపోతే వెన్నుపాము చుట్టూ రక్తం చేరి కాళ్లు పడిపోయే ముప్పు ఉంది, అరుదే కానీ తిరిగిరాని నష్టం. చివరి సూది ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత మోతాదు వేశారో ఫైలు మొదటి పేజీ మీద రాసి ఉంచితే, అర్ధరాత్రి నొప్పులు మొదలై వేరే ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చినా అక్కడి మత్తు డాక్టర్‌కు ఆ లెక్క చేతిలోనే ఉంటుంది.